రాతి ఇంట్లో సీసం

"ఆ సంచి కింద పెట్టండి రేలీన్" అన్నాడు నా అల్లుడు జారడ్, తలుపుకి అడ్డంగా నిలబడి.

నేను పెట్టలేదు. సంచిలో విన్నీ గౌన్లు ఆరు, దాని కుందేలు బొమ్మ, జ్వరం మందు ఉన్నాయి. చంకలో విన్నీ. రెండేళ్ళ పిల్ల. నా మెడ దగ్గర మొహం పెట్టుకుని, బొటనవేలు చీకుతూ ఒకసారి వాళ్ళ నాన్నని, ఒకసారి నన్ను చూస్తోంది.

"డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు. ఆ విషం ఎక్కణ్ణించి వస్తోందో తేలేదాకా పిల్లని ఈ ఇంట్లో ఉంచొద్దన్నాడు."

"వీలైతే అన్నాడు. పదింటికి కౌన్సిల్ నుంచి జనీన్ వస్తోంది. ఇల్లంతా పరీక్ష చేస్తుంది. ఇంకో గంట ఓపిక పట్టండి. ఈలోపు మీరు సంచీ పిల్లా ఎత్తుకుని మెయిన్ రోడ్డు మీద నడిచారంటే పెన్‌హేల్ అంతా ఏమనుకుంటుంది?"

"ఊరు ఏమనుకుంటే నాకేంటి?"

"నాకు కావాలి. శనివారం మొదటి అతిథులొస్తున్నారు."

అన్నాక తనకే బాగోలేదేమో, తల దించుకున్నాడు. తలుపు దగ్గర నుంచి మాత్రం కదల్లేదు.

నిన్న సాయంత్రం అయిదింటికి డాక్టర్ అబెసేకర ఫోన్ చేసినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. విన్నీ రక్తంలో సీసం ఉంది. అయిదు దాటకూడదట. ఇరవై రెండు ఉందట. పదో తరగతి సగంలో బడి మానేసి, గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో వంటకి కుదిరినదాన్ని నేను. అది ఏ కొలతలో అయిదో నాకు తెలీదు. అయిదుకీ ఇరవై రెండుకీ మధ్య ఎంత దూరముందో తెలుసు. అంతవరకు చాలు.

నెల రోజుల నుంచి పిల్లకి కడుపు నొప్పి. మూడు రోజులకోసారి గాని విరేచనం కాదు. మొహం పాలిపోయింది. "ఎండలమ్మా, పిల్లలు అలాగే డీలా పడతారు" అంటూ వచ్చింది నా కూతురు టామ్సిన్. నేను ఊరుకోలేకపోయాను. పిల్ల తల్లికి తెలుసని డాక్టరుకి అబద్ధం చెప్పి రక్తం తీయించాను. ఆ సంగతి గురువారం బయటపడింది. ఆ రోజు నుంచి టామ్సిన్ నాతో మాట్లాడటం లేదు. నిన్న ఫోన్ వచ్చాకైనా మాట్లాడుతుందనుకున్నాను. లేదు.

ఇప్పుడూ వంటగది బల్ల దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుంది. ముందున్న టీ చల్లారి పైన మీగడ కట్టింది.

"టామ్సిన్, నువ్వైనా చెప్పు" అన్నాడు జారడ్.

టామ్సిన్ కప్పుని అటు నుంచి ఇటు తిప్పింది.

"మీరు గోడల్ని అనుమానించడం లేదు రేలీన్. నన్ను అనుమానిస్తున్నారు" అన్నాడు.

"నిన్నెవరన్నారు?"

"వేరే అనక్కర్లేదు. రెండేళ్ళు పనిచేశాను ఈ ఇంటి మీద. గని కూలీలు కట్టుకున్న రాతి ఇల్లు, కప్పు సగం కూలిపోయి, లోపల పావురాలు కాపురం చేస్తుంటే కొన్నాం. ప్రతి తలుపూ బయటికి మోసుకెళ్ళి, తడిపి, చేత్తో గీకాను. పొడి లేస్తుందని ఒక్కచోట కూడా మిషను పెట్టలేదు. గీకిన పాత రంగంతా సంచుల్లో కట్టి కౌన్సిల్ చెత్త యార్డులో అప్పజెప్పొచ్చాను. నా రక్తం కూడా తీయించుకున్నాను. నాకు రెండు. ఈ ఇంట్లో దుమ్ముంటే ముందు నాకెక్కాలి కదా?"

"నువ్వు కిటికీ గట్లు నాకవుగా" అన్నాను.

అతను నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు.

విన్నీ రోజూ పొద్దున్నే ముందు గది కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి వీధిలోకి చూస్తుంది. గోడలు మోచెయ్యంత మందం కాబట్టి ఆ గట్టు దానికి సరిగ్గా బల్లలా ఉంటుంది. నోరు పెడుతుంది, నాలుక పెడుతుంది. ఎన్నిసార్లు లాగానో నాకే తెలీదు. ఆ తెల్లరంగు కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి, అన్నిటికీ కింద పాతకాలపు సీసపు రంగు ఉన్నట్టు నా కళ్ళకి కనబడేది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నవంబరు నుంచి కనబడుతూనే ఉంది. అతిథులకి అద్దెకి ఇచ్చేముందు మనమే ఒక వేసవి ఉండి చూద్దామన్నది జారడ్ ఆలోచన. పగలు పిల్లని చూసుకోవడానికి నన్ను పిలిచారు.

సంచి కింద పెట్టాను. పిల్లని మాత్రం దింపలేదు. వెనక వరండాలోకి పోయి మా ఆయనకి ఫోన్ చేశాను. రాత్రే చెయ్యాల్సింది. అతని హాస్యానికి భయపడి చెయ్యలేదు.

"ఏం, ఇవాళ పామా, నిప్పా?" అన్నాడు కెల్విన్, ఎత్తుతూనే. పొలం నుంచి నేనెప్పుడు ఎక్కడికెళ్ళి ఫోన్ చేసినా అదే అడుగుతాడు.

"ఇల్లు" అన్నాను.

"ఇల్లేం చేసింది నిన్ను?"

"పిల్లకి సీసం ఎక్కింది కెల్. ఇరవై రెండు. అయిదు దాటకూడదట."

అటువైపు ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. గాలి ఒక్కటే వినబడుతోంది.

"రానా?" అన్నాడు.

"గొర్రెలున్నాయిగా నీకు."

"గొర్రెలు ఎక్కడికీ పోవు. రానా రే?"

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నేను భయపడ్డ ప్రతిసారీ నవ్వినవాడు. ఆ నవ్వు మీద ఆనుకునే నేను బతికాను. ఇతను నవ్వాడంటే ఏమీ కాదని. ఇవాళ నవ్వలేదు. ఇరవై రెండు అన్న అంకె కంటే ఆ "రానా" నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఇప్పుడొద్దు. జనీన్ వచ్చి చూశాక చెబుతాను" అని పెట్టేశాను.

*

జనీన్ పదింటికి అయిదు నిమిషాల ముందే వచ్చింది. వీధిలో కౌన్సిల్ కారు ఆగగానే ఎదురింటి హేజెల్, పది నిమిషాల క్రితమే తడిపిన పూలకుండీలకి మళ్ళీ నీళ్ళు పొయ్యడం మొదలెట్టింది.

జనీన్ కూతురూ టామ్సిన్ కలిసి చదువుకున్నారు. అయినా ఆమె పలకరింపులేమీ పెట్టుకోలేదు. పెట్టె తెరిచి ఒక యంత్రం తీసింది. పసుపు రంగుది, పిడి ఉంది, పాతకాలపు ఇస్త్రీపెట్టెకీ తుపాకీకీ పుట్టినట్టుంది. గోడకి ఆనించి నొక్కితే రంగు పొరల కింద ఏముందో అంకె చూపిస్తుందట.

"పిల్ల ఎక్కువగా ఉండే చోటు ఏది?"

"ఆ కిటికీ" అన్నాను, జారడ్ నోరు తెరిచేలోగా.

ఆమె గట్టు మీద పెట్టి నొక్కింది. యంత్రం టిక్కుటిక్కుమంది. విన్నీ ఆ చప్పుడుకి తల ఎత్తింది.

"ఏమీ లేదు" అంది జనీన్.

"ఇంకోసారి పెట్టి చూడండి."

"అమ్మా" అంది టామ్సిన్. ఆరు రోజులకి నన్ను పిలిచిన మొదటి పిలుపు అది.

జనీన్ ఇంకోసారి పెట్టింది. అటు చివర పెట్టింది, మధ్యలో పెట్టింది. ఏమీ లేదు. కిటికీ చట్రం, ఏమీ లేదు. తలుపులు నాలుగూ, నేల చెక్కలూ, పొయ్యి గూడూ, విన్నీ మంచం, పాతబడిన బొమ్మల డబ్బా. వంగి, మోకాళ్ళ మీద పాకి, ప్రతిచోటా పెట్టింది. ఒక్కచోట, వీధి తలుపు గడియ వెనక, గోరంత మేర అంకె లేచింది. పిల్ల చెయ్యి అక్కడికి అందదు. తడి గుడ్డతో నేల మీద దుమ్ము తుడిచి దాన్ని కూడా చూసింది.

గంటన్నర పట్టింది. నేను ఆమె వెనకే గది గదికీ తిరిగాను. ఎక్కడో ఒకచోట అది దొరకాలని నేను మొక్కుకుంటున్నానని మధ్యలో నాకే తెలిసివచ్చింది. దొరికితే పిల్లని ఎత్తుకుని బయటికి పోవచ్చు. దొరక్కపోతే ఎక్కడికని పోవాలి?

"జారడ్, చాలా చోట్ల చూశాను ఇలాంటి పాత ఇళ్ళు" అంది జనీన్, నడుము పట్టుకుని లేస్తూ. "ఇంత శుభ్రంగా చేసినవాళ్ళని చూళ్ళేదు."

జారడ్ కిటికీ వైపు తిరిగాడు. అతని భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి. ఏడ్చాడేమో. నాకు మొహం కనబడలేదు.

"అయిపోయిందా అమ్మా?" అంది టామ్సిన్.

"ఏం అయిపోవడం? పిల్ల ఒంట్లో ఉంది కదా అది."

"ఉంది. ఎక్కడుందో వాళ్ళు చూస్తారు. నువ్వు కాదు. నా చిన్నప్పుడు స్విమ్మింగ్ పోటీకి పోనివ్వలేదు, చెవిలో నీళ్ళు పోతాయని. స్కూలు వాళ్ళు కొండకి తీసుకెళ్తుంటే మూడు స్వెట్టర్లు వేయించావు, అందరూ నన్ను గొర్రె అన్నారు. నా పెళ్ళి రోజు డేరా గాలికి లేచిపోతుందని తాళ్ళు పట్టుకుని నిలబడ్డావు, ఫోటోల్లో నువ్వు లేవు. ఇప్పుడు నా మొగుడు నా కూతురికి విషం పెట్టాడని ఊరంతా..."

"ఊళ్ళో నేనెవరికీ చెప్పలేదు."

"హేజెల్ పూలకుండీలు మునిగిపోతున్నాయి అక్కడ. చెప్పాలా ఇంకా?"

జనీన్ తన పెట్టె మూసే పనిలో ఉన్నట్టు నటించింది. విన్నీ నా జాకెట్టు గుండీ తిప్పుతోంది. పైన రేకులు ఎండకి చిటపటమంటున్నాయి.

"రెండు కాగితాలు నింపాలి" అంది జనీన్ చివరికి. "టీ ఇస్తే కూర్చుని నింపేస్తాను."

*

నేను కెటిల్ పెట్టడానికి లేచాను. పిల్లని టామ్సిన్ తీసుకుంది. ఇవ్వనని నేను అనలేకపోయాను.

జనీన్ అడుగుతోంది, టామ్సిన్ చెబుతోంది. పిల్ల మట్టి తింటుందా? ఒకటి రెండుసార్లు. ఇంట్లో ఎవరైనా తుపాకీ గుళ్ళు పోస్తారా, చేపల గాలాలకి బరువులు చేస్తారా? లేదు. పింగాణీ గిన్నెలు పాతవేమైనా? అన్నీ పెళ్ళికొచ్చినవే.

"నీళ్ళు?"

"కుళాయివే."

"అందరూనా?"

"అందరూ. బ్లీచింగు కంపు కొడతాయి, అలవాటైపోయింది."

నేను సింకు ముందు నిలబడి ఉన్నాను. కెటిల్ చేతిలో ఉంది.

ఇక్కడి కుళాయిల్లో వచ్చేది నది నీళ్ళు. మూడు వందల కిలోమీటర్లు గొట్టాల్లో ప్రయాణం చేసి వస్తాయి. దారిలో ఏ పురుగూ బతక్కుండా మందు కొడతారు. ఆ మందు పసిపిల్లల పేగుల్ని ఏం చేస్తుందోనని నా భయం. మా ఇళ్ళల్లో మూడు తరాలుగా పిల్లల్ని పెంచింది వాన నీళ్ళతోనే. కప్పు మీద పడ్డ వాన, రేకు కాలవలోంచి ట్యాంకులోకి. నేను తాగాను, టామ్సిన్ తాగింది. పొలంలో ఇప్పటికీ అవే తాగుతాం. ఈ కాటేజీ వెనక కూడా ట్యాంకు ఉంది.

అందరూ లేవకముందే ట్యాంకు దగ్గరికి పోయి కూజా నింపేదాన్ని. విన్నీ పాలపొడిలో అవే. ఓట్స్ జావలో అవే. మధ్యాహ్నం తాగే సీసాలో అవే. ఎండలు ముదిరాక అది చప్పరించే ఐసు ముక్కలు కూడా అవే.

నోరు మూసుకుని ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధం చెప్పను. ఇవాళ్టి నుంచి కుళాయి నీళ్ళు పట్టిస్తే సరి, ఎవరికీ ఏమీ తెలీదు. ఒంట్లోది మెల్లగా అదే దిగిపోతుంది. వాన నీళ్ళలో సీసం ఎలా ఉంటుంది అసలు? ఆకాశం నుంచి పడ్డ నీళ్ళు.

"వెనకో ట్యాంకు చూశాను" అంది జనీన్, రాస్తూనే.

"గులాబీలకి" అన్నాడు జారడ్. "తాగేది కాదు. పాత ఇంటిని పాతలాగే నిలబెట్టాలని కౌన్సిల్ వాళ్ళన్నారని పొగగొట్టం చుట్టూ సీసం రేకే వేశాను. వాన దాని మీద నుంచే కాలవలోకి పోతుంది. అదీగాక పైన కప్పు గీకినప్పటి పొడి కొంత ఆ ట్యాంకులో పడే ఉంటుంది. మేమెవరం ముట్టుకోం దాన్ని."

నా చేతిలోంచి కెటిల్ సింకులో పడింది. పెద్ద చప్పుడే అయింది.

ముగ్గురూ నా వైపు చూశారు. జారడ్ కళ్ళు ముందు నా మొహం మీద, తర్వాత గిన్నెల స్టాండులో బోర్లించిన విన్నీ పాలసీసా మీద, తర్వాత వెనక తలుపు మీద పడ్డాయి. అతనికి అర్థమైంది. చెప్పేస్తాడనుకున్నాను. నా మీదకి నెట్టడానికి పొద్దున్నుంచీ అతనికి కావలసింది ఇదే కదా. అతను చెప్పలేదు. కుర్చీ అంచు పట్టుకుని, నేలని చూస్తూ నిలబడ్డాడు.

"నేను పట్టించాను" అన్నాను.

"ఏంటి?" అంది టామ్సిన్.

"ట్యాంకు నీళ్ళు. విన్నీకి. దానికొక్కదానికే."

"ఎప్పుడు?"

"రోజూ."

"ఎప్పట్నించి అమ్మా?"

"వచ్చిన మర్నాటి నుంచి."

టామ్సిన్ వేళ్ళు లెక్కపెట్టలేదు గాని, లోపల నెలలు లెక్కపెడుతోందని తెలిసింది. నవంబరు నుంచి మార్చి.

"మరిగించే ఇచ్చాను" అన్నాను జనీన్‌తో. "పది నిమిషాలు. గడియారం చూసుకుని మరిగించాను. ఒక్కరోజు కూడా పచ్చినీళ్ళు ఇవ్వలేదు."

జనీన్ కలం కింద పెట్టింది. "మరిగిస్తే పురుగులు పోతాయి రేలీన్. సీసం పోదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో చిక్కబడుతుంది." చాలా మెల్లగానే చెప్పింది. గట్టిగా చెప్పినా బాగుండేది. "ఈ వేసవి వాన పడలేదు. ట్యాంకు అడుగంటి ఉంటుంది. మీరు పట్టినవన్నీ అడుగు నీళ్ళు."

జారడ్ షెడ్డులోకి పోయాడు. తిరిగొచ్చి ఒక చెక్క పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు, చుట్టూ తీగలు గీసి ఎంతో ముచ్చటగా రాశాడు. ఈ ట్యాంకు నీళ్ళు తోటకి మాత్రమే, తాగకూడదు.

"అతిథుల కోసం" అన్నాడు. "శుక్రవారం తగిలిద్దామనుకున్నా. మనవాళ్ళకి చెప్పాలని తట్టలేదు. మనమంతా కుళాయివే కదా తాగుతున్నాం అని."

ఆ పలకని ఎవరూ ముట్టుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది టామ్సిన్. గొంతు పెంచలేదు. పెంచితే నేను ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

"చెబితే నవ్వుతావని."

టామ్సిన్ నన్ను చూస్తూనే ఉంది. కాదని అనలేదు. తను నవ్వి ఉండేదని తనకీ తెలుసు, నాకూ తెలుసు.

*

డాక్టర్ అబెసేకరతో జనీనే మాట్లాడింది. ఫోన్ స్పీకరులో పెట్టింది. ఆయన ఎప్పుడూ ప్రతి మాటకీ ముందో నవ్వు నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు.

"మీరు అడిలైడ్ బయల్దేరండి. పిల్లల ఆస్పత్రికి నేను చెబుతాను. కడుపు ఎక్స్‌రే తీస్తారు, రక్తం మళ్ళీ చూస్తారు. రక్తం తీసి వారమైంది కదా, ఈ వారం కూడా పిల్ల అవే తాగింది. అంకె ఇప్పుడు ఎంతుందో నేను చెప్పలేను."

"ప్రమాదమా డాక్టరు గారూ?" అంది టామ్సిన్.

"ఇవాళే వెళ్ళండి" అన్నాడు ఆయన.

జారడ్ వెంటనే బయల్దేరలేకపోయాడు. పరీక్షకి జనీన్ ట్యాంకులో నీళ్ళూ అడుగు బురదా కప్పు మీద దుమ్మూ వేరువేరుగా పట్టాలి, ఎక్కి చూపించడానికి ఇంటివాడు ఉండాలి. విన్నీ ఒంట్లో ఎంత చేరిందో లెక్క కట్టడానికి ఆ ఫలితం ఆస్పత్రికి ఈరోజే అందాలట. "సాయంత్రానికి వచ్చేస్తాను" అని టామ్సిన్ నుదుటి మీద ముద్దు పెట్టి, నిచ్చెన కోసం పోయాడు. పోతూ పోతూ శనివారం వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఎందుకని వాళ్ళు అడిగి ఉంటారు. "ఇంట్లో బాగోలేదు" అనడం వినబడింది. నా పేరు చెప్పలేదు.

నేను కారు దాకా సంచి మోశాను. టామ్సిన్ విన్నీని వెనక సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగిస్తోంది. బెల్టు పడగానే పిల్లకి కడుపు నొప్పి లేచింది కాబోలు, కాళ్ళు ముడుచుకుని ఏడుపు అందుకుంది. "గ్రాన్" అంటూ అమ్మమ్మ కోసం చేతులు చాపింది. నేను అడుగు వెయ్యలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాను.

"గ్రాన్. గ్రాన్."

టామ్సిన్ బొమ్మ ఇచ్చింది. అది కింద పడేసింది. పాట పాడింది. పిల్ల వెనక్కి విరుచుకుపోయి, ఏడ్చి ఏడ్చి కక్కింది. పాలు, జావ, తెల్లగా. టామ్సిన్ దాన్ని తుడిచి, సీటు తుడిచి, కారు తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రెండున్నర గంటల దారి. ముందు కూర్చుని నడుపుతూ వెనక పిల్లని పట్టుకోవడం ఒక్కరివల్ల అయ్యేది కాదు. నాకు తెలుసు, తనకీ తెలుసు. నేను అడగదలచుకోలేదు.

ఎదురింట్లో హేజెల్ నీళ్ళ గొట్టం కట్టేసి లోపలికి పోయింది.

"ఎక్కు" అంది టామ్సిన్, నా వైపు చూడకుండా.

నేను కదిలాను.

"ఒక్క మాట. నీ చేత్తో దానికేమీ పెట్టొద్దు. మందు, బిస్కెట్టు, చివరికి మంచినీళ్ళు. ఏమీ."

"సరే" అన్నాను.

విన్నీ పక్కన కూర్చున్నాను. అది నా వేలు పట్టుకుని, రెండు వెక్కిళ్ళు వెక్కి, ఏడుపు ఆపేసింది.

ఊరు దాటాం. రొట్టెల దుకాణం, మూసేసిన గని పొగగొట్టం, తర్వాత కోసేసిన గోధుమ చేలు, ఎటు చూసినా ఎండిన మోళ్ళు. ఎదురుగా ఏ లారీ వస్తున్నా రోజూ అయితే "మెల్లగా" అనేదాన్ని. ఇవాళ అనలేదు. ఆ మాట అనే హక్కు నాకు ఉందో లేదో తెలీలేదు. పిల్ల గోళ్ళు చూశాను, పాలిపోయి ఉన్నాయి. కళ్ళ కింద చర్మం నీలంగా ఉంది. ఇంతకుముందు అలా ఉండేదా? నేనే రోజూ చూసుకున్నాను దాన్ని. గుర్తు రావడం లేదు.

నలభై నిమిషాలు గడిచాయేమో. విన్నీ పెదాలు నాలుకతో తడుపుకుంది.

"గ్రాన్, నీళ్ళు" అంది.

టామ్సిన్ అద్దంలోంచి చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"గ్రాన్. నీళ్ళు."

టామ్సిన్ కారు పక్కకి తీసి ఆపింది. దుమ్ము మా మీద నుంచి ముందుకి పోయింది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, విన్నీ వైపు తలుపు తీసింది. ఊరి చివర పెట్రోలు బంకులో కొన్న నీళ్ళ సీసా, ఇంకా మూత తియ్యనిది, మా ముందే మూత తీసి పిల్ల నోటి దగ్గర పెట్టింది.

విన్నీ మూతి తిప్పేసుకుంది.

"తాగమ్మా. దాహం అన్నావుగా."

"గ్రాన్" అంది విన్నీ. తల్లి చెయ్యి తోసేసింది. నీళ్ళు సీటు మీద ఒలికాయి. టామ్సిన్ మళ్ళీ పెట్టింది. మళ్ళీ తోసింది. పెదాలు బిగించేసింది. బయట నలభై డిగ్రీల ఎండ. పొద్దున్నుంచి దాని కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

టామ్సిన్ మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు ఆ పిల్లని చూసింది. తర్వాత పిల్ల మీదుగా చెయ్యి చాపి సీసా నా ముందు పెట్టింది.

"నువ్వు పట్టించు అమ్మా" అంది.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. సీసా అందుకోవాలనుకున్నాను. మూత తీస్తున్నప్పుడు చూశాను, కొత్త సీసా, మంచినీళ్ళే. కళ్ళ ముందు ఉన్నవి మంచినీళ్ళేనని తెలుసు. నాలుగు నెలలూ నాకు అలాగే తెలుసు.

"అమ్మా" అంది టామ్సిన్. "దాహం వేస్తోంది దానికి."

విన్నీ నా వైపు తిరిగి నోరు తెరిచింది. నా చెయ్యి లేవలేదు.